రోజుకొక్క బిళ్ళ

జగ్గయ్యపేట
2 ఫిబ్రవరి 2024

తమ్ముడు శాంతికుమార్‌కి,

అక్క రత్నమణి ప్రభువు నామంలో వందనాలు చెప్పి రాస్తున్నది. ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెట్టాలనే కూర్చున్నా గానీ చెయ్యి రావట్లేదు.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేంటి, అక్కకి మతి పోయిందా అనుకుంటావు. ఒరేయ్, నువ్వు ఆదివారం చర్చి అయ్యాక ఫోన్ చేస్తావు. నేను స్పీకర్ పెడతా. ఢిల్లీ నుంచి శాంతి మాట్లాడుతున్నాడంటే వాకిట్లో పదిమంది చేరతారు. ఇది పదిమందిలో చెప్పే మాట కాదు. పోనీ వేరే రోజు చేస్తే "ఆఫీసులో ఉన్నా అక్కా, తర్వాత చేస్తా" అని పెట్టేస్తావు. ఆ తర్వాత అనేది ఎప్పుడూ రాలేదు. అందుకని కాయితం మీద రాస్తున్నా. చదివి చింపెయ్యి.

మన మహిమకి టీబీ.

చెల్లి జాయిస్ పోయేటప్పుడు ఆరేళ్ళ పిల్లని నా చేతుల్లో పెట్టింది. దాని తండ్రి రెడ్డిగూడెంలో ఇంకో పెళ్ళి చేసుకుని ఇటు తొంగి చూడలేదు. పదిహేడేళ్ళు పెంచా. ఇప్పుడు నందిగామలో ప్రైవేటు స్కూల్లో మూడో తరగతికి లెక్కలు చెబుతోంది, రోజూ బస్సులో వెళ్ళొస్తుంది. నవంబరులో దగ్గు పట్టుకుంది. ఊళ్ళో ఎవరు రెండు వారాలు దగ్గినా డబ్బీ చేతికిచ్చి తెమడ పరీక్షకి తరిమే ఆశా కార్యకర్తని నేనే. నా ఇంట్లో పిల్ల దగ్గుతుంటే మాత్రం మిరియాల కషాయం కాచి పోస్తూ కూర్చున్నా. ఎంత సిగ్గుచేటో చూడు. డిసెంబరు మొదటి వారంలో తేలింది.

మందు మొదలుపెట్టి రెండు నెలలు. మూడు కేజీలు పెరిగింది, బుగ్గలు వచ్చాయి. ఇక ఎవరికీ అంటదని డాక్టరమ్మ చెప్పింది. ఇంకా నాలుగు నెలలు రోజుకి మూడు బిళ్ళలు మింగితే పూర్తిగా పోతుంది. కానీ స్కూల్లో తెలిసిందంటే ఆ రోజే పొమ్మంటారు. అందుకే ఇంట్లో మీ బావకి, నాకు తప్ప ఎవరికీ తెలీదు.

మా పీహెచ్‌సీలో మందులు చూసే వరప్రసాదరావు గారు మొన్న, "రత్నమ్మా, వచ్చే నెల స్టాకు పైనుంచి వస్తుందో రాదో" అన్నారు. పైనంటే ఎక్కడండీ అన్నా. "ఢిల్లీ. టీబీ మందు కేంద్రమే కొని దేశమంతా పంచాలి" అన్నారు. నాకు ఒక్కసారి గుండె కుదుటపడింది. మా తమ్ముడు కూర్చునేది అక్కడ ఆ ఆరోగ్య శాఖలోనే గదా అనుకున్నా. ఒక్కసారి కనుక్కుని రాయరా.

మరదలు కృష్ణప్రియని అడిగానని చెప్పు. చలికి తలకి గుడ్డ కట్టుకో.

అక్క

*

ఢిల్లీ
12 ఫిబ్రవరి 2024

అక్కకు,

శాంతికుమార్ నమస్కారాలు. నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. కృష్ణప్రియకి కూడా చెప్పలేదు. చింపెయ్యమన్నావు గానీ చింపలేదు, బట్టల పెట్టెలో అడుగున పెట్టా.

నువ్వేం కంగారుపడకు. నాన్నకి తొంభై ఎనిమిదిలో ఇదే జబ్బు వస్తే ఏం జరిగిందో మర్చిపోయావా? జగ్గయ్యపేట ప్రభుత్వాసుపత్రిలో "బాలస్వామి" అని పేరు రాసిన డబ్బా ఒకటి ఆయన కోసం విడిగా పెట్టేవాళ్ళు. నర్సమ్మ ఎదురుగా నిలబడి మింగించేది. నేను సైకిల్ మీద తీసుకెళ్ళేవాణ్ణి. పైసా ఖర్చు లేకుండా నాన్న లేచి తిరిగాడు, ఇరవై ఏళ్ళు బతికాడు. అదంతా కేంద్రం మందే అక్కా. దేశం మొత్తానికి ఒకే డబ్బా, ఒకే బిళ్ళ. పేదవాడికి ఈ దేశంలో తిరుగులేకుండా అందేది ఏదన్నా ఉంటే ఇదొక్కటే అని నాన్న అనేవాడు.

ఇక ఇక్కడి సంగతి. నా చేతి మీదుగా వెళ్ళకుండా ఈ బిల్డింగులోకి ఒక్క కాయితం కూడా రాదు. ఆ మాత్రం చెప్పగలను. నేను చూసుకుంటా. మహిమని పాలు, గుడ్లు బాగా తినమను.

ఢిల్లీలో చలి తగ్గుతోంది. పొగ మాత్రం అలాగే ఉంది, కళ్ళు మండుతున్నాయి. ఆఫీసులో పని ఎక్కువ.

ప్రేమతో,
శాంతి

*

జగ్గయ్యపేట
11 మార్చి 2024

శాంతీ,

స్టాకు అయిపోయింది. "వస్తుందో రాదో" అన్న వరప్రసాదరావు గారే ఇవాళ ఖాళీ అల్మారా తెరిచి చూపించాడు. జిల్లాలో అడిగాం, లేదు. పక్క మండలంలో అడిగాం, వాళ్ళే మమ్మల్ని అడిగారు. మహిమ దగ్గర ఇరవై ఏడు రోజుల మందు ఉంది, అంతే.

నా కింద టీబీ మందు మింగే మనిషి ఇంకొకడు ఉన్నాడు, సొలొమోను. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ధాబాలో వంట చేస్తాడు. అవతల తెలంగాణ వైపు నుంచి వచ్చినవాడు, ముందూ వెనకా ఎవరూ లేరు. అతని మందు ఇంకో రెండు వారాల్లో అయిపోతుంది. "అమ్మా, మందు లేకుంటె నేను సచ్చుడేనా" అని నవ్వుతూ అడిగాడు. నోరు మూసుకోమన్నా. మా తమ్ముడు ఢిల్లీలో అదే డిపార్ట్‌మెంటులో పెద్ద ఆఫీసరు, మందు తెప్పిస్తాడు అని చెప్పా. చెప్పాక కొంచెం ఎక్కువ చెప్పానేమో అనిపించింది. పర్వాలేదులే, తమ్ముడి గురించే గదా.

నందిగామలో మందుల షాపుకి వెళ్ళా. మూడు మందులు కలిపిన మన బిళ్ళ వాళ్ళ దగ్గర లేదు. విడివిడిగా తెప్పిస్తారట, డాక్టరు చీటీ కావాలన్నారు, ఎవరికమ్మా అని అడిగారు. ఆ షాపాయన మహిమ స్కూలు కరస్పాండెంటుకి సొంత బామ్మర్ది. మా చుట్టాలకండీ అని బయటపడ్డా. విజయవాడ వెళ్ళి కొననా? నువ్వు ఊ అంటే రేపే వెళ్తా.

వెంటనే రాయి. లేదంటే ఫోన్ చేసి, "కొను" అనో "వద్దు" అనో ఒక్క ముక్క చెప్పు. ఎవరికీ అర్థం కాదు.

అక్క

*

ఢిల్లీ
19 మార్చి 2024

అక్కకు,

ఫోన్లో "వద్దు" అన్నా గదా, ఎందుకో రాస్తున్నా.

బయటి మందు కొనొద్దు. విడివిడి బిళ్ళల్లో ఏది ఎంత వెయ్యాలో తేడా వస్తే కష్టం. పైగా ఒకసారి బయట కొనడం మొదలుపెడితే, వీళ్ళు కొనుక్కోగలరులే అని ఇక్కడివాళ్ళు చేతులు దులుపుకుంటారు. మన హక్కు మనం వదులుకోకూడదు. నాన్న ఏనాడన్నా బయట కొన్నాడా?

ఇంకో సంగతి. సరఫరా ఏప్రిల్ పదో తేదీకల్లా అన్ని రాష్ట్రాలకూ చేరుతుందని రాసి ఉన్న కాయితం నేను నా కళ్ళతో చూసా. సంతకాలు కూడా అయ్యాయి. ఏప్రిల్ పది. రాసిపెట్టుకో.

మహిమ ఎలా ఉంది? దానికి నా ముద్దులు. ఆ పిల్ల చిన్నప్పుడు "మావయ్యా, ఢిల్లీ ఎంత దూరం" అంటే "నువ్వు నిద్రపోయి లేచేంత" అని చెప్పేవాణ్ణి.

శాంతి

*

జగ్గయ్యపేట
28 మార్చి 2024

శాంతీ,

రేపు గుడ్ ఫ్రైడే. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద చర్చిలో ఏడుగురు మాట్లాడాలి, నాకు "దప్పిగొనుచున్నాను" ఇచ్చారు. ఎండలు అప్పుడే మాడ్చేస్తున్నాయి, ఇంతకంటే సరైన మాట దొరకదు నాకు.

ఏప్రిల్ పది అన్నావు గదా. దాన్ని పట్టుకుని ఒక ఏర్పాటు చేసా. విని, తప్పయితే వెంటనే చెప్పు.

సొలొమోను మందు సోమవారం అయిపోయింది. రెండు రోజులు ఊరుకున్నా. మాకు ట్రైనింగులో ఒకటే మాట నూరిపోసారు, ఒక్క రోజు కూడా మందు మానకూడదు అని. గోడ మీద రాయించారు, పాట కట్టి పాడించారు. ఒక్క రోజు మానినా జబ్బు తిరగబెడుతుంది, అన్నారు. మరి నా ఇంట్లో పిల్లకి బిళ్ళలుండగా, నా చేతి కిందే ఉన్న ఇంకో మనిషి ఖాళీగా ఎలా ఉంటాడు? ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల దగ్గర ఒక్క రొట్టె విరిచి అందరికీ పంచుతాం, ఎవరికీ లేదనం. అది గుర్తొచ్చింది.

మహిమ దగ్గర ముప్పై బిళ్ళలు మిగిలాయి. రోజుకి మూడు చొప్పున అయితే పది రోజుల్లో అయిపోతాయి, ఆ తర్వాత మానాలి. అందుకని ఇవాళ్టి నుంచి మహిమకి ఒకటి, సొలొమోనుకి ఒకటి. పదిహేను రోజులు వస్తాయి. ఇద్దరిలో ఎవరూ ఒక్క రోజు మానక్కర్లేదు. ఆ లోపు నీ మందు వచ్చేస్తుంది. మహిమ "సరే పెద్దమ్మా, సగం కడుపుకి తిన్నట్టు అనుకుంటా" అంది.

పీహెచ్‌సీలో అడిగితే నీకెందుకు ఈ పెత్తనం అని నా మీద లేస్తారు. నువ్వక్కడ పెద్ద డాక్టర్లని అడిగి, ఇలా చేయొచ్చో లేదో కనుక్కుని చెప్పు. నీ మాట వస్తే నాకు నిద్ర పడుతుంది.

అక్క

*

ఢిల్లీ
5 ఏప్రిల్ 2024

అక్కకు,

ఈస్టర్ శుభాలు. ఇక్కడ తెలుగు ఆరాధనకి వెళ్ళాం.

నువ్వు అడిగింది ఇక్కడివాళ్ళని అడిగా. పదిహేను రోజులే గదా, పర్వాలేదన్నారు. మంచి పని చేసావు. నీ బుర్రే బుర్ర అక్కా, నాన్న ఊరికే అనేవాడా.

పదో తేదీ దగ్గరికొచ్చింది. నిబ్బరంగా ఉండు.

శాంతి

*

జగ్గయ్యపేట
22 ఏప్రిల్ 2024

శాంతీ,

ఏ సంవత్సరం ఏప్రిల్ పది అని రాసి ఉందిరా ఆ కాయితం మీద?

బిళ్ళలు పన్నెండున అయిపోయాయి. పది రోజులుగా ఇద్దరూ ఖాళీ. మహిమకి సాయంత్రం అయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడుతోంది. స్కూల్లో బోర్డు మీద రాస్తూ రాస్తూ కూర్చుండిపోయిందట. పిల్లలు "టీచర్, వాటర్" అని సీసా తెచ్చిచ్చారట. ఆ మాట నవ్వుతూ చెప్పింది. నేను వంటింట్లోకి పోయి ఏడ్చా.

వరప్రసాదరావు గారిని పట్టుకుని అడిగా. పాపం, ఆయన మాత్రం ఏం చేస్తాడు. "రాష్ట్రాన్ని అడిగితే కేంద్రం పంపలేదంటారు. కేంద్రాన్ని అడిగే అంత ఎత్తు నాకెక్కడిది రత్నమ్మా" అన్నాడు. మాకు ఉందండీ ఆ ఎత్తు అని మనసులో అనుకున్నా.

ఎవర్ని అడగాలో చెప్పు. కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటా. ఓట్ల మైకులు పొద్దున లేస్తే మోగుతున్నాయి, ఆ జీపులకి అడ్డంపడి అడగమంటే అడుగుతా.

అక్క

*

ఢిల్లీ
30 ఏప్రిల్ 2024

అక్కకు,

నాకూ తల కొట్టేసినట్టుంది. ఎందుకు రాలేదో ఇక్కడ ఎవరూ సరిగ్గా చెప్పట్లేదు.

ఒక పని చెయ్యి. నువ్వొక అర్జీ రాసి రిజిస్టర్ పోస్టులో మా ఆఫీసుకి పంపు. నా పేరు రాయకు, ఆఫీసు పేరు మీదే. రోగి పూర్తి పేరు, ఊరు, రిజిస్ట్రేషన్ నంబరు, ఎన్ని రోజులుగా మందు లేదో, అన్నీ ఉండాలి. పేరు లేని అర్జీని ఇక్కడ పక్కన పడేస్తారు. పేరుంటే కదులుతుంది. అది వచ్చిన రోజే అత్యవసరం అని ముద్ర వేయించి పంపే బాధ్యత నాది.

ఇది మాత్రం నేను చెయ్యగలను.

శాంతి

*

జగ్గయ్యపేట
14 మే 2024

శాంతీ,

అర్జీ నాలుగో తేదీనే పంపా. నువ్వు చెప్పినట్టే మహిమ పేరు, ఊరు, నంబరు, అన్నీ రాసా. ఢిల్లీలో ఎవరికి తెలిస్తే ఏముంది, నందిగామలో తెలీకపోతే చాలు అనుకున్నా.

పదకొండున కొంచెం మందు వచ్చింది. ఇద్దరికీ మళ్ళీ రోజుకి మూడు. నిన్న ఓటేసొచ్చాం. మహిమ లైన్లో నిలబడలేక నా భుజం పట్టుకుంది. మందు వచ్చిందిగా, ఇక తేరుకుంటుంది.

అక్క

*

జగ్గయ్యపేట
18 జూలై 2024

శాంతికుమార్‌కి,

రెండు నెలలుగా ఆదివారం ఫోన్లో "అంతా బాగే" అన్నా. బాగా లేదు. స్పీకర్లో అంతకంటే ఏం చెప్పను.

మందు వేసుకుంటున్నా దగ్గు తగ్గలేదు. జూన్ నెలాఖర్న మళ్ళీ తెమడ పరీక్ష చేయించా. మొండి టీబీ అని వచ్చింది. పాత బిళ్ళలకి లొంగదట. ఇక పద్దెనిమిది నెలలు వేరే మందులు. డాక్టరమ్మ మహిమని కూర్చోబెట్టి అడిగింది, "మధ్యలో ఎప్పుడైనా తగ్గించి వేసుకున్నావా? మానేసినదానికంటే సగం సగం వేసుకుంటే ఇంకా ప్రమాదం. పురుగు చావదు, మందుకి అలవాటుపడి ముదిరిపోతుంది" అని. నేను పక్కనే ఉన్నా. మహిమ నా వైపు చూడనైనా చూడకుండా, "లేదండీ, ఉన్నన్నాళ్ళూ మూడే వేసుకున్నా" అంది. బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుని, "పెద్దమ్మా, నువ్వేం నోరు తెరవకు, నీ పని పోతుంది" అంది. సొలొమోనుకి కూడా అదే రిపోర్టు.

ఇంకోటి విను. పోయిన వారం మంగళవారం ఆశాలందరికీ మీటింగు. ముప్పైమందిమి కూర్చున్నాం. నా పేరు పిలిచి ఒక మెమో చదివారు. "మీ పర్యవేక్షణలో ఉన్న రోగి కుమారి మహిమకు మందులు అందలేదని కేంద్రానికి ఫిర్యాదు చేరినది. ప్రజారోగ్యం రాష్ట్ర పరిధిలోనిది గనుక తగు చర్యకై పంపడమైనది. మూడు రోజుల్లో మీ సంజాయిషీ ఇవ్వవలెను." నా అర్జీయేరా. ఢిల్లీ వాళ్ళు రాష్ట్రానికి, రాష్ట్రం జిల్లాకి, జిల్లా పీహెచ్‌సీకి తోసి, చివరికి తిప్పి తిప్పి నా ఒళ్ళోనే పడేసారు. మొర పెట్టుకున్నదాన్నీ నేనే, జవాబు చెప్పుకోవాల్సిందీ నేనే. ముప్పైమంది విన్నారు. వాళ్ళల్లో ఒకామె కూతురు మహిమ స్కూల్లోనే చదువుతుంది. ఆ గురువారం మహిమ స్కూలు నుంచి మధ్యాహ్నమే వచ్చేసింది. రేపట్నించి రావద్దన్నారు అంది. పిల్లల లెక్కల నోటుబుక్కులు ఇరవై ఆరు దిద్దాల్సినవి ఇంట్లోనే ఉన్నాయి, అవి కూడా ఎవరినో పంపి తెప్పించుకున్నారు, గేటు దగ్గర నించునే.

ఆ మెమోకి నా అర్జీ నకలు కుట్టి ఉంది. దాని మీద మీ ఆఫీసు ముద్ర. టపా స్వీకరించినది, నంబరు, తేదీ. కింద పొట్టి సంతకం. స్కూల్లో నీ పుస్తకాలకి అట్టలేసింది నేను, నీ సంతకం నేనెరగనా? టపాకి నంబర్లేసేవాడి చోట నీ సంతకం ఎందుకుందిరా?

జవాబు రాయి. ఈసారి నిజం రాయి.

రత్నమణి

*

ఢిల్లీ
29 జూలై 2024

అక్కా,

నిజం రాస్తున్నా.

నేను ఆఫీసర్ని కాను. పద్దెనిమిదేళ్ళుగా టపా సెక్షన్లో ఉన్నా. వచ్చిన కాయితానికి ముద్ర కొట్టి, నంబరేసి, ఏ గదికి పోవాలో ఆ గదికి పంపుతా. ఉద్యోగం వచ్చిన కొత్తలో నాన్న చర్చిలో లేచి "మా అబ్బాయి కేంద్రంలో ఆఫీసరయ్యాడు" అని సాక్ష్యం చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కాదు అని అనడానికి మొహం చెల్లలేదు. ఆ తర్వాత ప్రతి ఏడూ ఇంకా కష్టమైంది.

ఏప్రిల్ పది అన్న కాయితం నిజంగానే చూసా. నంబరేస్తూ చూసా. అది మన రాష్ట్రం సంగతి కాదని, అసలు మన మందే కాదేమోనని ఇప్పుడు అనుమానం. మొత్తం చదవలేదు. మార్చిలోనే, అవసరమైతే రాష్ట్రాలు అక్కడికక్కడే కొనుక్కోవచ్చని ఇంకో కాయితం వెళ్ళిందట. అది కూడా నా చేతి మీదుగానే వెళ్ళింది. రిజిస్టర్లో నా రాతతోనే ఉంది. ఆ రోజు మూడు వందల కాయితాలు. అది చదివుంటే "కొనుక్కో అక్కా" అని ఉండేవాణ్ణి. చదవలేదు.

అక్కా, నువ్వు రోజుకొక్క బిళ్ళ సంగతి రాసి, పెద్ద డాక్టర్లని అడగమన్నావు. నేను ఎవర్నీ అడగలేదు. టపావాణ్ణి, మూడో అంతస్తుకి వెళ్ళి ఏమని అడుగుతా? అడిగితే నీకు అంతవరకు ఎందుకయ్యా అంటారని భయం. పర్వాలేదన్నారని నేనే రాసా. నీకు నిద్ర పడుతుందని రాసా.

అర్జీ మీద అత్యవసరం అని ఎర్ర ముద్ర వేసింది నేనే. అందుకే అంత తొందరగా మీ మీటింగుదాకా వచ్చింది. నా సర్వీసులో అంత త్వరగా కదిలిన కాయితం ఇంకోటి లేదు.

నన్ను తిట్టు. కొట్టు. సెలవు పెట్టి వస్తా, మహిమ కాళ్ళ మీద పడతా. రమ్మని ఒక్క మాట రాయి.

శాంతి

*

ఢిల్లీ
2 సెప్టెంబరు 2024

అక్కా,

జవాబు లేదు. ఫోన్ బావే ఎత్తుతున్నాడు, నువ్వు బయటికెళ్ళావంటున్నాడు. మహిమ ఎలా ఉందో అదన్నా రాయి. కొత్త మందులు టైముకి వస్తున్నాయా? ఇప్పుడు ప్రతి కాయితం చదివే నంబరేస్తున్నా. సూపర్‌వైజరు, పని వెనకబడుతోందని కోప్పడ్డాడు.

శాంతి

*

జగ్గయ్యపేట
20 నవంబరు 2024

తమ్ముడు శాంతికి,

మహిమ ఈ నెల మూడో తారీఖున, ఆదివారం పొద్దున ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. విజయవాడ పెద్దాసుపత్రిలో నాలుగు రోజులుంది. రక్తం కక్కుకుంది. ఆఖరి పూట మాట లేదు. వాళ్ళమ్మ జాయిస్ పక్కనే పెట్టాం. ఫోన్ చెయ్యొద్దని బావకి చెప్పింది నేనే. నీకు చెప్పలేదని అలిగితే అలుగు.

కొత్త మందులు టైముకే వచ్చాయి. అడిగావు గదా. ఆ బిళ్ళ బయట కొనడం మన తరం కాదట. అది కూడా మీ కేంద్రమే పంపింది, ఒక్క రోజు ఆలస్యం లేకుండా, సంచిలో పెట్టి, దాని పేరు రాసి. పాదాలు తిమ్మిరెక్కి, వాంతులైనా పిల్ల ఒక్క పూట మానలేదు. అప్పటికే బాగా ముదిరిందన్నారు. పాత బిళ్ళలు ఆ రెండు నెలలూ ఇలాగే వచ్చుంటే ఇప్పుడు నందిగామ బస్సెక్కుతూ ఉండేది. నాన్నని బతికించిందీ వాళ్ళే, దీన్ని వదిలేసిందీ వాళ్ళే. ఎవర్ని తిట్టాలో తెలీక కుండలు తోముతూ తిట్టుకుంటున్నా.

నిన్ను తిడదామని మూడుసార్లు కాయితం తీసా. కుదర్లేదు. నువ్వు అబద్ధం రాసావు, నిజమే. బిళ్ళ తీసి పక్కన పెట్టింది ఏ చెయ్యి? రోజుకొకటి చాలని దాని నోట్లో వేసింది నా చెయ్యి. సంజాయిషీలో అది రాయలేదు నేను. "స్టాకు లేనందున" అని రాసా. మహిమ రాయమన్నట్టే రాసా. వరప్రసాదరావు గారు చదివి, సరే అని సంతకం పెట్టారు. ఇద్దరం ఇద్దరమేరా. నీకొక ముద్ర ఉంది, నాకది కూడా లేదు.

నిన్ను పిలవకపోవడానికి కారణం వేరే ఉంది. అది చెప్పాలనే ఇది రాస్తున్నా.

సొలొమోను ఉన్నాడు గదా. అతనికీ అదే మొండి జబ్బు, అదే మందు. మహిమని మట్టిలో పెట్టిన మూడో రోజు అతని గదికి వెళ్ళా. పొద్దుటి మందు అలాగే ఉంది, మింగలేదు. "ఇగ నా తోని కాదమ్మా. మహిమమ్మ పాయె గద, నాకేం పని చేస్తది ఇది" అన్నాడు. బతిమాలా, తిట్టా, ప్రార్థన చేసా. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కాసేపటికి అతనే ఇటు తిరిగి, "అమ్మా, మీ తమ్ముడు ఢిల్లీల దగ్గరుండి పంపుతుండు గద. ఆయన మంచి మందే పంపుతడు గద?" అన్నాడు.

ఏం చెప్పను శాంతీ? నువ్వు భూస్థాపనకి వచ్చుంటే అతను నీ కాళ్ళు పట్టుకునేవాడు. నీ సంగతి నాకు తెలుసు, అక్కడే కూలబడి నిజం చెప్పేసేవాడివి. చెప్పి నువ్వు తేలికపడేవాడివి.

"అవును సొలొమోనూ, మా తమ్ముడే చూసి పంపిస్తున్నాడు" అన్నా. నా మొహంలోకి చూసి, లేచి నీళ్ళ చెంబు అందుకుని, ఒక్కొక్కటీ అన్నీ మింగాడు. అప్పట్నించి రోజూ మింగుతున్నాడు.

ఇంకా పద్నాలుగు నెలలు మింగాలి. అప్పటిదాకా నువ్వు ఆఫీసరువే. ఊరికి రాకు.

అక్క